రియాక్టర్‌లో అసలేం జరుగుతుంది? సున్నం నుంచి స్టైరీన్ దాకా రసాయన చర్యలు

ఏదో ఒక ఫార్మా కంపెనీలో "రియాక్టర్ పేలింది" అని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, పైడిభీమవరం, రణస్థలం చుట్టుపక్కల ఊళ్లలో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. మనవాళ్లు ఏ షిఫ్టులో ఉన్నారు, గాలి ఎటు వీస్తోంది, పిల్లల్ని తీసుకుని ఎటైనా పోవాలా అని టెన్షన్. అక్కడ పని చేసేది మన ఇళ్లలోని వాళ్లే కాబట్టి ఆ భయం సహజమే. అయితే వార్త వెనకాలే వాట్సాప్ మెసేజ్‌లు మొదలవుతాయి: రేడియేషన్ వస్తుందట, చుట్టుపక్కల ఎవరూ మిగలరట, కెమికల్ అన్నది ఏదైనా పేలేదేనట. దీనికి తోడు అదే రణస్థలం మండలంలో కొవ్వాడ దగ్గర అణు విద్యుత్ కేంద్రం పెట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి నలుగుతూ ఉండడంతో, రియాక్టర్ అనగానే జనం మనసులో రెండూ కలిసిపోతున్నాయి. పదో తరగతిలో పరీక్ష కోసం చదివి వదిలేసిన రసాయన చర్యల పాఠాన్ని కాస్త నిదానంగా చూస్తే ఈ చిక్కుముడి చాలావరకు విడిపోతుంది.

రెండు రియాక్టర్లు, రెండు వేర్వేరు పనులు

ఏ పదార్థమైనా పరమాణువుల కూర్పే. పరమాణువు మధ్యలో కేంద్రకం, చుట్టూ ఎలక్ట్రాన్లు. రసాయన చర్యలో మార్పు జరిగేది బయటి ఎలక్ట్రాన్ల దగ్గరే: ఏ పరమాణువు దేనితో జతకట్టి ఉందన్నది మారుతుంది, కేంద్రకం మాత్రం చెక్కుచెదరదు. చర్యకు ముందు కార్బన్ ఉంటే తర్వాతా కార్బనే ఉంటుంది, కాకపోతే కొత్త జతలో ఉంటుంది. అణు రియాక్టర్‌లో చీలేది యురేనియం కేంద్రకమే కాబట్టి అక్కడ మూలకమే మారిపోతుంది, కిలోకు కిలో లెక్క చూస్తే బొగ్గు మండినదాని కంటే లక్షల రెట్ల శక్తి వస్తుంది, రేడియేషన్ వస్తుంది.

ఫార్మా కంపెనీలో రియాక్టర్ అంటే స్టీలుతోనో, లోపల గాజు పూత పూసిన స్టీలుతోనో చేసిన పెద్ద మూతపాత్ర. లోపల కలియబెట్టడానికి స్టిర్రర్ ఉంటుంది, బయట చుట్టూ జాకెట్ ఉంటుంది, వేడి కావాలంటే ఆ జాకెట్‌లోకి ఆవిరి, చల్లబరచాలంటే బ్రైన్ అనే చల్లటి ఉప్పునీళ్లు పంపిస్తారు. అందులో ఎంత ఘోర ప్రమాదం జరిగినా దాని వల్ల రేడియేషన్ పుట్టదు. మంట రావచ్చు, విషవాయువు రావచ్చు, పాత్ర పగిలి ముక్కలు ఎగిరిపడవచ్చు. ఇవేమీ తక్కువ ప్రమాదాలు కావు, అందుకే వీటిని వీటిలాగే అర్థం చేసుకోవడం అవసరం.

సున్నం చెప్పే లెక్క

సంక్రాంతి ముందు గోడలకు వేసే సున్నం ఒక్కటి చాలు, రసాయన చర్య అంటే ఏమిటో పూర్తిగా చూపిస్తుంది. సున్నపురాయిలో అయినా సముద్రపు గుల్లల్లో అయినా ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బనేట్. బట్టీలో పెట్టి దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే అది రెండుగా విడిపోతుంది.

కాల్షియం కార్బనేట్ → కాల్షియం ఆక్సైడ్ + కార్బన్ డయాక్సైడ్

బాణానికి ఎడమవైపు ఉన్నది క్రియాజనకం, కుడివైపు ఉన్నవి క్రియాజన్యాలు. ఇప్పుడు తూకం చూద్దాం. శుద్ధమైన కాల్షియం కార్బనేట్ 100 కిలోలు కాలిస్తే 56 కిలోల పొడి సున్నం మిగులుతుంది. తక్కిన 44 కిలోలు ఎక్కడికీ పోలేదు, కార్బన్ డయాక్సైడ్‌గా గాల్లో కలిశాయి.

ఆ 56 కిలోల పొడి సున్నం మీద నీళ్లు పోస్తే 18 కిలోల నీటితో కలిసి 74 కిలోల తడి సున్నం అవుతుంది. గట్టిగా ఉన్న గడ్డ బుసబుసమని పగిలి, పొంగి, ఆవిరి కక్కుతుంది. కింద పొయ్యి లేదు, మంట లేదు, అయినా ఒక కిలో పొడి సున్నం పూర్తిగా నీటితో కలిసినప్పుడు పుట్టే వేడి మూడు లీటర్లకు పైగా నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లగలదు. సున్నం తడిపే డ్రమ్ము దగ్గరికి పిల్లల్ని రానివ్వకపోవడం వెనుక ఉన్న కారణం ఇదే. ఇక గోడకు వేశాక, ఆ 74 కిలోల తడి సున్నం గాల్లోంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా తీసుకుని, 18 కిలోల నీటిని వదిలేసి, మళ్లీ 100 కిలోల కాల్షియం కార్బనేట్ అయిపోతుంది. అంటే గోడ మీద చివరికి గట్టిపడి నిలిచేది మనం బట్టీలో కాల్చిన పదార్థమే.

చర్యలో పాల్గొన్న మొత్తం ద్రవ్యరాశి పెరగదు, తరగదు అన్న ఈ నియమాన్ని 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ తూకం వేసి నిలబెట్టాడు. పుస్తకంలో ఒక వాక్యంగా కనిపించే ఈ మాట ఫ్యాక్టరీ పక్కన బతికేవాళ్లకు చాలా ముఖ్యమైనది. గేటు లోపలికి వెళ్లిన ప్రతి కిలో ముడిసరుకూ ఏదో ఒక రూపంలో బయటకు వస్తుంది: సరుకుగానో, పొగగొట్టంలోంచి వాయువుగానో, మురుగునీటిలోనో, డ్రమ్ముల్లో వ్యర్థంగానో. కాల్చేశాం కాబట్టి పోయిందనడానికి లేదు, కాల్చితే వాయువైంది, అంతే.

నౌపాడ ఉప్పు తెచ్చే పేచీ

సంతబొమ్మాళి మండలం నౌపాడ ఉప్పు మడుల్లో జరిగేది రసాయన చర్యేనా? లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలు కరిగి ఉంటాయి, ఎండకు నీరు ఆవిరైపోతే ఉప్పు గడ్డకడుతుంది. కొత్త పదార్థమేదీ పుట్టలేదు కాబట్టి ఇది భౌతిక మార్పు అని పాఠ్యపుస్తకం చెబుతుంది.

అదే ఉప్పును తిరిగి నీళ్లలో వేస్తే మాత్రం కెమిస్ట్రీ చెప్పేవాళ్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. ఎండబెడితే మళ్లీ అదే ఉప్పు వస్తుంది, కరగక ముందూ తర్వాతా ఉన్నవి అవే సోడియం, క్లోరైడ్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న కణాలు), కాబట్టి ఇది భౌతిక మార్పేనని ఒక వాదన. స్ఫటికంలో ఆ అయాన్లను గట్టిగా పట్టి ఉంచిన బంధాలు తెగి, ఒక్కో అయాన్ చుట్టూ నీటి అణువులు చేరి కొత్త ఆకర్షణలు ఏర్పడుతున్నప్పుడు దాన్ని ఉత్త భౌతిక మార్పు అని ఎలా అంటాం అన్నది రెండో వాదన. రెండో వాళ్ల మాటలో పస ఉంది, ఎందుకంటే కాల్షియం క్లోరైడ్ లాంటి లవణాన్ని నీళ్లలో వేస్తే గ్లాసు చేతికి వేడిగా తగిలేంత మార్పు వస్తుంది. హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు నీటిలో కరిగినప్పుడైతే అంతకు ముందు లేని అయాన్లు పుడతాయి, అది రసాయన చర్య అనడంలో ఎవరికీ పేచీ లేదు. నాకు అనిపించేది, భౌతికం, రసాయనికం అన్న గీత మనం సౌకర్యం కోసం గీసుకున్నది, చాలా చోట్ల బాగా పనికొస్తుంది, అంచుల దగ్గర మసకబారుతుంది. పరీక్షలో పిల్లలు పుస్తకంలో ఉన్నదే రాస్తే సరిపోతుంది.

బుడగలు రావడం, రంగు మారడం, వేడెక్కడం, అడుగున మడ్డి పడడం అన్నవి చర్య జరిగి ఉండవచ్చని చెప్పే గుర్తులే తప్ప రుజువులు కావు. నీళ్లు మరిగినా బుడగలు వస్తాయి.

పలాస జీడిపిక్కలో

పలాస, కాశీబుగ్గ వైపు జీడి పని చేసే ఆడవాళ్ల చేతులు దగ్గరగా చూస్తే తెలుస్తుంది. వేళ్ల కొసలు, గోళ్ల చుట్టూ నల్లటి మచ్చలు, కొన్ని చోట్ల చర్మం ఊడిపోయి ఉంటుంది, పిక్క పగలగొట్టే ముందు నూనో బూడిదో రాసుకుంటారు. జీడిపెంకులో ఉండే జిగురు నూనె చేసే పని అది. అందులో ప్రధానమైనది అనకార్డిక్ ఆమ్లం. వేడి తగిలితే ఈ ఆమ్లపు అణువు నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడిపోయి కార్డనాల్ అనే వేరే పదార్థం మిగులుతుంది, బరువులో దాదాపు ఎనిమిదో వంతు వాయువుగా పోతుంది. సున్నపు బట్టీలో రాయి నుంచి ఊడిపోయినదీ ఇదే వాయువు, రెండూ ఒక పదార్థం విడిపోయే వియోగ చర్యలే. ఆ కార్డనాల్ నుంచే రెసిన్లు, పెయింట్లు, వాహనాల బ్రేకు లైనింగ్‌లో వాడే పొడి తయారవుతాయి.

"చెట్టు నుంచి వచ్చింది కాబట్టి మంచిది, కెమికల్ కాబట్టి చెడ్డది" అనేవాళ్లకు ఈ చేతులు చూపించాలి. చెట్టులో ఉన్నదీ రసాయనమే, ఉప్పూ రసాయనమే, మందుబిళ్లా రసాయనమే. అడగాల్సింది ఏ పదార్థం, ఎంత, దేనితో కలుస్తోంది అని.

వేడి ఎక్కడి నుంచి వస్తుంది

ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా పొరబడే విషయం ఒకటుంది. బంధం తెగితే శక్తి విడుదలవుతుందని చాలామంది అనుకుంటారు. ఉన్నది సరిగ్గా దీనికి తిరగేసి. బంధం తెంపడానికి శక్తి ఖర్చు పెట్టాలి, కొత్త బంధం ఏర్పడినప్పుడు శక్తి బయటకు వస్తుంది. రెండింటికీ తేడా ఎంతో అదే మనకు కనిపించే వేడి.

హైడ్రోజన్ మండి నీటి ఆవిరి అయ్యే లెక్క వేద్దాం. అణువుల సంఖ్యను లెక్కపెట్టే కొలతను మోల్ అంటారు. రెండు మోల్‌ల హైడ్రోజన్, ఒక మోల్ ఆక్సిజన్ తీసుకుంటే, హైడ్రోజన్ బంధాలు తెంచడానికి మోల్‌కు 436 కిలోజౌళ్ల చొప్పున 872, ఆక్సిజన్ బంధానికి 498, వెరసి ఖర్చు 1370. ఏర్పడే నీటి ఆవిరిలో ఆక్సిజన్, హైడ్రోజన్ మధ్య నాలుగు బంధాలు, ఒక్కోదానికి సుమారు 463 చొప్పున రాబడి 1852. మిగులు 482 కిలోజౌళ్లు. మిగులు ఉంటే ఉష్ణమోచక చర్య, లోటు ఉంటే ఉష్ణగ్రాహక చర్య.

లోటు చర్యకు మన దగ్గరే పెద్ద ఉదాహరణ విజయనగరం జిల్లాలోని ఫెర్రో మాంగనీస్ (మాంగనీస్, ఇనుము కలిసిన మిశ్రలోహం) ఫర్నేసులు. మాంగనీస్ ఖనిజంలో లోహం ఆక్సిజన్‌ను అంటిపెట్టుకుని ఉంటుంది, కోక్ అనే కాల్చిన బొగ్గులోని కార్బన్ ఆ ఆక్సిజన్‌ను లాక్కోవాలి. చివరి మెట్టులో 71 కిలోల మాంగనస్ ఆక్సైడ్, 12 కిలోల కార్బన్ కలిసి 55 కిలోల మాంగనీస్, 28 కిలోల కార్బన్ మోనాక్సైడ్ అవుతాయి. దీనికి దాదాపు 1400 డిగ్రీలు దాటాలి, చర్య సాగినంతసేపూ వేడి అందిస్తూనే ఉండాలి, సరఫరా ఆగితే చర్యా ఆగుతుంది. టన్ను లోహానికి వేల యూనిట్ల కరెంటు పోతుంది, అందుకే కరెంటు ఛార్జీ పెరిగినప్పుడల్లా ఫెర్రో పరిశ్రమ గగ్గోలు పెడుతుంది. లోహం నుంచి ఆక్సిజన్ పోవడాన్ని క్షయకరణం అంటారు. దీనికి ఎదురుదారిలో నడిచేది బుడితి ఇత్తడి బిందెకు పట్టే చిలుము, అక్కడ గాల్లోని ఆక్సిజన్ రాగికి అంటుకుంటుంది, అది ఆక్సీకరణం. చింతపండుతో తోమితే దానిలోని టార్టారిక్ ఆమ్లం ఆ ఆక్సైడ్‌ను కరిగించి నీళ్లలో కలిపేస్తుంది, ఆ నీళ్లతో పాటు కొంచెం రాగి కూడా పోతుంది. పులుపు వండే ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించేది ఇలా రాగి కూరలోకి దిగకుండానే.

జరగగలిగిన చర్య ఎందుకు ఆగి ఉంటుంది

గ్యాస్ సిలిండర్‌లోని గ్యాస్‌కు ఆక్సిజన్‌తో కలిస్తే బోలెడు మిగులు వస్తుంది. అయినా గాల్లోకి వదిలినంత మాత్రాన దానంతట అది అంటుకోదు, నిప్పురవ్వ కావాలి. కారణం, పాత బంధాలు కొన్నైనా ముందు తెగాలి, ఆ మొదటి పెట్టుబడిని యాక్టివేషన్ ఎనర్జీ అంటారు. చెరువులో నీళ్లకు పల్లపు పొలంలోకి వెళ్లడానికి అన్ని విధాలా వీలున్నా మధ్యలో గట్టు ఉంది కాబట్టి ఆగి ఉన్నాయి. ఉత్ప్రేరకం ఆ గట్టుకు తూము పెట్టడం లాంటిది. చెరువు మట్టమూ మారదు, పొలం మట్టమూ మారదు, నీళ్లు వెళ్లే దారి మాత్రం సులువవుతుంది. అంటే ఉత్ప్రేరకం చర్య వేగాన్ని మారుస్తుంది గానీ, వచ్చే మొత్తం వేడిని మార్చదు, అసలు జరగలేని చర్యను జరిపించలేదు.

వేగాన్ని పెంచే మరో దారి ఉష్ణోగ్రత. 10 డిగ్రీలు పెరిగితే చాలా చర్యల వేగం సుమారు రెట్టింపు అవుతుందన్నది వాడుకలో ఉన్న ఉజ్జాయింపు లెక్క. అన్ని చర్యలకూ కచ్చితంగా వర్తించదు, కానీ లెక్క వేసి చూస్తే కళ్లు తిరుగుతాయి. 30 డిగ్రీల దగ్గర ఉన్న వేగం 40కి రెండింతలు, 50కి నాలుగింతలు, 60కి ఎనిమిదింతలు, 90కి 64 రెట్లు.

స్టైరీన్: వేడి, వేగం ఒకదాన్నొకటి తరిమితే

పై రెండు విషయాలనూ కలపండి. చర్య వేడి పుట్టిస్తుంది, వేడి చర్యను వేగం చేస్తుంది, వేగం పెరిగితే ఇంకా వేడి. బయటకు పోయే వేడి కంటే లోపల పుట్టే వేడి ఎక్కువైన క్షణం నుంచి చర్య మన చేతిలో ఉండదు. దీన్నే రన్‌అవే రియాక్షన్ అంటారు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో జరిగింది ఇదే, 12 మంది చనిపోయారు. అక్కడి ట్యాంకులో నిల్వ ఉన్నది ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం. స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా అతుక్కుని పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ అవుతాయి, దీనికి వేరే పదార్థం కలవాల్సిన పని కూడా లేదు. కిలో స్టైరీన్ పూర్తిగా అలా మారితే దాదాపు 670 కిలోజౌళ్లు వస్తాయి, ఆ వేడి ఎటూ పోకపోతే ద్రవం ఉష్ణోగ్రతను 300 డిగ్రీలకు పైగా పెంచగలదు. స్టైరీన్ మరిగేది 145 డిగ్రీల దగ్గర, కాబట్టి అంత దూరం వెళ్లకముందే ఆవిరై వాల్వుల్లోంచి బయటకు తన్నుకొస్తుంది.

మామూలుగా అలా జరగకుండా చల్లగా ఉంచుతారు, గొలుసును మొదట్లోనే తెంపే టీబీసీ అనే ఇన్హిబిటర్ కలుపుతారు. ఇన్హిబిటర్‌ను ఉత్ప్రేరకానికి తిరగేసిన రూపం అనుకుంటే ఒక ముఖ్యమైన తేడా మరిచిపోతాం: ఉత్ప్రేరకం చర్యలో ఖర్చైపోదు, ఇన్హిబిటర్ మాత్రం ఖర్చవుతూ పోతుంది, తగ్గినప్పుడల్లా మళ్లీ కలపాలి. ఇన్హిబిటర్ చాలకపోవడం, చల్లబరిచే ఏర్పాట్లు సరిగా లేకపోవడం, ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగునే ఉండడం వంటి లోపాలను రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఎత్తిచూపింది. వేడి ద్రవం పైకి చేరుతుంది, కొలత కింద తీస్తున్నారు. ఆ ఒక్క వాక్యం చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ల్యాబ్‌లో బాగానే ఉంది, బ్లాకులో ఎందుకు తేడా వచ్చింది

ఫార్మాలో పనిచేసే కుర్రాళ్లు తరచూ అనే మాట, ఆర్ అండ్ డీలో ఏ ఇబ్బందీ లేని చర్య ప్రొడక్షన్ బ్లాకులోకి వచ్చేసరికి మాట వినదని. దీనికి కారణం లెక్కలోనే ఉంది. ఒక లీటరు ఫ్లాస్క్‌ను అన్ని వైపులా పదింతలు చేస్తే వెయ్యి లీటర్ల రియాక్టర్ అవుతుంది. వేడి పుట్టేది ఘనపరిమాణంలో, అది 1000 రెట్లైంది. వేడి బయటకు పోయేది గోడల గుండా, ఆ వైశాల్యం 100 రెట్లే పెరిగింది. అంటే ఒక్కో లీటరుకు దక్కే చల్లబరిచే గోడ పదో వంతుకు పడిపోయింది.

అందుకే రెండో క్రియాజనకాన్ని ఒకేసారి పోయకుండా కొద్దికొద్దిగా డోజింగ్ చేస్తారు, పుట్టిన వేడిని జాకెట్ లాగేసే కొద్దీ ఇంకొంచెం వదులుతారు. ఇందులోనూ ఒక మోసం ఉంది. ఉష్ణోగ్రత మరీ తక్కువైనా, స్టిర్రర్ ఆగిపోయినా, పోసింది పోసినట్టు కలవకుండా పేరుకుపోతుంది. మీటర్ చల్లగానే చూపిస్తుంది, ఆపరేటర్ అంతా సవ్యంగా ఉందనుకుంటాడు. తర్వాత స్టిర్రర్ తిరిగితే గంటల తరబడి నిదానంగా రావాల్సిన వేడంతా ఒక్కసారిగా వస్తుంది.

వార్తల్లో "పేలుడు" అన్నవన్నీ ఒకటే కావు

రన్‌అవే ఒక రకం. ఇంకో రకంలో రియాక్టర్‌లోని చర్యకు అసలు సంబంధమే ఉండకపోవచ్చు: టోలీన్ లాంటి సాల్వెంట్ (వేరే పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవం) ఆవిరి గాల్లో కలిసి, ఏ స్టాటిక్ కరెంటు రవ్వకో అంటుకుంటుంది. టోలీన్ 4 డిగ్రీల దగ్గరే అంటుకోగలిగినంత ఆవిరి ఇస్తుంది, మన ఎండల్లో చెప్పనే అక్కర్లేదు. గాల్లో దాని ఆవిరి సుమారు 1.1 నుంచి 7.1 శాతం మధ్య ఉంటేనే మంట పాకుతుంది, అంతకన్నా తక్కువైనా, ఎక్కువైనా పాకదు. మూడో రకంలో మంటా శబ్దమూ ఉండవు. సల్ఫైడ్ ఉన్న వ్యర్థజలంలో ఆమ్లం కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది, తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి ఆ కంపు కూడా తెలియదు, మనిషి కుప్పకూలిపోతాడు. బ్లీచింగ్ పౌడర్, ఆమ్లం ఉన్న టాయిలెట్ క్లీనర్ కలిస్తే ఇంట్లోనే క్లోరిన్ పుట్టేది ఈ తీరులోనే.

అదుపు చెయ్యడమా, నిల్వే తగ్గించడమా

పరిశ్రమల భద్రత చూసే ఇంజనీర్లలో రెండు ధోరణులు కనిపిస్తాయి. సెన్సర్లు, అలారాలు, తేడా వస్తే దానంతట అదే ఆపేసే ఇంటర్‌లాక్‌లు, కూలింగ్‌కు బ్యాకప్, ఒత్తిడి మితిమీరితే పగిలి దాన్ని బయటకు వదిలే రప్చర్ డిస్క్ ఇలా అంచెలంచెలుగా రక్షణ పెడితే ఏ చర్యనైనా నడపవచ్చని మొదటి వాళ్లంటారు. వాళ్ల వాదన గాలిమాట కాదు, ప్రపంచంలో రోజూ ఎన్నో ఉష్ణమోచక చర్యలు ఇలాగే ఏ ప్రమాదమూ లేకుండా సాగుతున్నాయి, ఉన్న ప్లాంటును పడగొట్టకుండా మెరుగుపరచవచ్చు కూడా. అంచెలు ఎన్ని ఉన్నా మనిషి నిర్వహించకపోతే ఒకేసారి అన్నీ పడకేస్తాయని, కాబట్టి అసలు ప్రమాదకర పదార్థం నిల్వే తగ్గించాలని, పెద్ద బ్యాచ్ బదులు సన్నటి గొట్టాల్లో నిరంతరం సాగే చిన్న చర్యలకు మారాలని రెండో వాళ్లంటారు. 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో నీరు చేరి వేడెక్కిన మిథైల్ ఐసోసైనేట్ సుమారు 40 టన్నులు. అది అమ్మే సరుకు కూడా కాదు, పురుగుమందు తయారీలో మధ్యలో పుట్టే పదార్థం, అంత నిల్వ ఉంచాల్సిన అవసరమే లేదని రెండో వాళ్లు గుర్తుచేస్తారు. దీనికి మొదటి వాళ్లు ఇచ్చే జవాబూ వినదగ్గదే: నిల్వ తగ్గిస్తే రోడ్డు మీద ట్యాంకర్లు పెరుగుతాయి, ప్రమాదం ఫ్యాక్టరీ నుంచి హైవేకి మారుతుంది, ఘనపదార్థాలు ఏర్పడే చర్యలు సన్నటి గొట్టాల్లో అడ్డుపడిపోతాయి. నా మొగ్గు రెండో వైపే, అందులోనూ ఊరి పక్కనున్న ప్లాంట్ల విషయంలో.

భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి సెక్షన్ చేర్చారు. ప్రమాదకర ప్రక్రియలు నడిపే యాజమాన్యం ఆ ప్రమాదాల వివరాలను కార్మికులకూ, స్థానిక సంస్థలకూ, చుట్టుపక్కల జనానికీ తెలపాలని అది చెప్పింది. ఒక్కో రసాయనానికి సేఫ్టీ డేటా షీట్ అని 16 విభాగాల కాగితం ఉంటుంది. దాని తొమ్మిదో విభాగంలో ఆ పదార్థం ఎన్ని డిగ్రీలకు మరుగుతుంది, ఎన్ని డిగ్రీల దగ్గర ఆవిరి అంటుకుంటుంది అని ఉంటుంది, పదో విభాగంలో దేనితో కలవకూడదు, ఏ పరిస్థితుల్లో చర్య అదుపు తప్పుతుంది అని ఉంటుంది.